దొంగ ఈగ

గాలమంటే మనకు తెలిసినది ఒక వెదురు కర్ర, దారం, బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. బెండు మునిగితే లాగాలి, మునగకపోతే కూర్చోవాలి. చెరువు గట్టున పగటి కలలు కనడానికి యింతకంటె చవకైన సాధనం లేదు.

అమెరికాలో కొందరు పట్టే ఫ్లై గాలం చూస్తే మనవాడికి నవ్వు వస్తుంది. దానికి ఎర వుండదు. కొక్కేనికి చిటికెడు నక్క బొచ్చు, బాతు ఈక ముక్క, కోడిపుంజు మెడ ఈక ఒకటి చుట్టి, సన్నని దారంతో బిగించి, దానికి ఈగ అని పేరు పెట్టారు. బరువే లేని ఆ వస్తువును దూరానికి విసరడమెట్లా? అందుకని దారాన్నే బరువుగా చేశారు. కర్రను వెనక్కీ ముందుకీ ఆడిస్తే, లావుపాటి దారం గాలిలో చుట్ట విప్పుకుంటూ పోయి, తన కొసన వున్న సన్నని పోగుతో ఆ దొంగ ఈగను నీటిమీద మెల్లగా దింపుతుంది. మొదటి రోజుల్లో అది నీటిమీద కాక విసిరినవాడి చొక్కాలోనే దిగుతుందనుకోండి.

ఈ విద్యకు అమెరికాలో పుట్టినిల్లుగా పేరుపొందినవి న్యూయార్క్ నగరానికి ఉత్తరాన వున్న క్యాట్‌స్కిల్ కొండలు. అక్కడ బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు చిన్న నదులు రాస్కో వూరి దగ్గర కలుస్తాయి. ఆ నీళ్ళు పోయి పోయి డెలావేర్ నదిలో పడతాయి. న్యూజెర్సీలో కాపురముంటున్న మన తెలుగువాళ్ళు సెలవునాడు పొద్దున్నే కారెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరుకోగల చోటు.

ఆ కొండల్లో, నెవర్‌సింక్ నది ప్రాంతాన, థియోడర్ గోర్డన్ అనే క్షయరోగి ఒంటరిగా వుండేవాడు. 1890లో ఆయన ఇంగ్లండులోని ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్‌కు ఉత్తరం రాస్తే, ఆయన తను వాడే తేలే ఈగలు కొన్ని పంపించాడు. చూడ ముచ్చటగానే వున్నాయి. కాని అవి నింపాదిగా పారే ఇంగ్లీషు యేటిమీద వాలే పురుగుల బొమ్మలు. ఈ కొండవాగుల్లో పురుగులు వేరు, వడి వేరు. గోర్డన్ తన నదిమీద ఎగిరే పురుగులను చూసి, వాటికి సరిపోయే ఈగలు కట్టడం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో నేటికీ వాడే ఈగ ఒంటికి చుట్టేది ఏమిటనుకున్నారు? నెమలి ఈక కాడ! ఇటువంటి ఈగలకోసం మన దేశపు కోడిపుంజుల మెడ ఈకలు కూడా చాలాకాలం విదేశాలకు ఎగుమతి అయినాయి. ఎవరి పెరటి పుంజు ఈకలు ఏ దేశపు నదిలో తేలినాయో!

వసంతమంటే అక్కడ మామిడిపూత కాదు, మంచు కరగడం. ఏప్రిల్ మొదటి రోజుల్లో నది నిండుగా, చేయి పెడితే కొంకర్లు పోయేటంత చల్లగా వుంటుంది. ట్రౌట్ చేప కదిలే ఓపిక లేక అడుగున, రాళ్ళ చాటున పడివుంటుంది. పైన ఎంత అందమైన ఈగను వాలించినా దండగే. అందుకే అనుభవజ్ఞుడు కాలెండరు చూడడు. నీటిలో థర్మామీటరు ముంచి చూస్తాడు. పది డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరకు వచ్చిందంటే, ఏప్రిల్ నెలాఖరులో ఏదో ఒక మధ్యాహ్నం, రెండు మూడు గంటలవేళ, నదికి ప్రాణం వస్తుంది. ఏడాదిపాటు రాళ్ళకింద బతికిన మేఫ్లై పురుగులు పైకి వచ్చి, చర్మం విడిచి, రెక్కలు నిటారుగా నిలిపి, చిన్న తెరచాప పడవల్లాగ కొట్టుకుపోతాయి. రెక్కలు వచ్చాక వాటికి తినడానికి నోరు పనిచేయదు. ఒకటి రెండు రోజుల్లో జతకట్టి చచ్చిపోతాయి. ఆ కొద్ది గంటల్లోనే ట్రౌట్ పైకి లేచి వాటిని మింగుతుంది. గోర్డన్ దగ్గర విద్య నేర్చిన రాయ్ స్టీన్‌రాడ్ అనే పోస్టుమాస్టరు 1916లో ఈ పురుగును చూసి కట్టిన ఈగే హెండ్రిక్సన్. నే చెప్పిన నక్క బొచ్చు దానిదే.

ట్రౌట్ ఆకలికొద్దీ మోసపోతుంది. అందులో నాకు పేచీ లేదు. ఆకలిగొన్నవాడు ఎక్కడైనా మోసపోతాడు.

బాస్ చేప సంగతి వేరు. డెలావేర్‌లో వున్న చిన్ననోటి బాస్ యింకొంచెం వెచ్చదనం కోరుతుంది. నీరు పదిహేను డిగ్రీలు దాటాక మగచేప ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ చోట, తోకతో బురద వూడ్చి, గులకరాళ్ళమీద పళ్ళెంలాంటి గుంట చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. ఆపైన కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో గుడ్లమీద నీరు ఆడిస్తూ, పిల్లలు పొదిగి, యీదనేర్చేదాకా, సరిగా తిండైనా తినక, దగ్గరకు వచ్చినదానినల్లా తరుముతుంది. ఆ గూటిమీద దొంగ ఈగ వాలితే? ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. ఇంతకంటె సులువైన వేట లేదు.

"పట్టి వదిలేస్తాం గదా, చంపుతున్నామా?" అంటారు. వదిలేస్తారు, నిజమే. కాని చేపతో పెనుగులాడి, కొక్కెం తీసి, ఫొటో దిగేలోపల గూటిదగ్గర ఎవరున్నారు? ఆ కొద్ది నిమిషాలకోసమే పొంచివున్న చిన్న చేపలు గుడ్లను కొల్లగొడతాయి. అలిసిపోయిన తండ్రి ఒక్కొక్కప్పుడు గూటికి తిరిగి రానేరాదు. చట్టాలు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కో విధం: కొన్నిచోట్ల ఆ కాలంలో వేటే నిషేధం, కొన్నిచోట్ల పట్టి వదలవచ్చు. చట్టం వదలమన్నచోట కూడా గూటిమీద గాలం వెయ్యకూడదని నా మతం.

మనం వాళ్ళకు నీతులు చెప్పనక్కరలేదు లెండి. మన చెరువుల్లో కొరమీను కూడా యిట్లాగే పిల్లలను కాస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన నురగలాగ కదిలితే, అడుగున పెద్దచేప వున్నదని మన గాలంవాడికి తెలుసు. అక్కడే కప్పను ఆడిస్తాడు. పెద్దది యింటికి వస్తుంది, పిల్లలు పక్షులపాలు.

తేటనీటి అడుగున తెల్లని గుండ్రటి మచ్చ, దానిమీద కదలకుండా నిలబడిన నల్లని నీడ కనబడితే, బీవర్‌కిల్‌లో మంచి వేటగాడు దారం చుట్టుకుని పై మడుగుకు నడుస్తాడు. జూన్ నెల ముగిసేసరికి పిల్లలు చెదిరిపోతాయి. అప్పుడు ఆ బాస్ నిజంగా ఆకలిమీద వుంటుంది. కర్రను కూడా వంచేటంత బలం తిరిగి వస్తుంది. అప్పుడు విసరమనండి ఈగను.