షకహోలా అడవి మన సంఘాలను అడుగుతున్న ప్రశ్న



గత నెల మా కార్యాలయానికి ఒక సహోదరి ఉత్తరం రాసింది. ఆమె తల్లికి పదేళ్లుగా షుగరు. ఒక స్వస్థత కూటంలో తలమీద చెయ్యి వేయించుకుని వచ్చిన దగ్గర్నుంచి ఆ తల్లి మాత్రలు మానేసింది. ప్రార్థన చేయించుకున్నాక కూడా మాత్ర మింగితే దేవుణ్ని నమ్మనట్టేనని బోధకుడు వేదిక మీదనుంచి చెప్పాడట. ఇప్పుడు కాలి మీద పుండు పడింది, మానడం లేదు. "అడిగితే అమ్మకు కోపం వస్తోంది. ఆయన బైబిలు చేత పట్టుకునే చెబుతున్నాడు, యేసు నామంలోనే ప్రార్థిస్తున్నాడు. అలాంటి మనిషిని దుర్బోధకుడని నేనెలా అనగలను?" అని ఆ సహోదరి అడిగింది.

ఆ ఉత్తరం చదివినప్పుడు మాకు కెన్యా గుర్తొచ్చింది. అక్కడ కూడా ఒక మనిషి గురించి చాలామంది ఇదే ప్రశ్న వేసుకున్నారు. జవాబు తేల్చుకునేసరికి ఆలస్యమైపోయింది.

పాల్ మెకంజీ ఒకప్పుడు టాక్సీ డ్రైవరు. 2003లో సముద్రతీర పట్టణమైన మాలిండిలో గుడ్ న్యూస్ ఇంటర్నేషనల్ చర్చి అనే సంఘాన్ని మొదలుపెట్టాడు. పాటలు, ప్రార్థనలు, దయ్యాలను వెళ్లగొట్టడం, అంత్యదినాల ప్రసంగాలు. చూసినవాళ్లకు అది మరో సంఘం, అంతే. తర్వాత టీవీ, యూట్యూబు వచ్చాయి. 2017లో, పిల్లల్ని బడికి పంపవద్దని బోధిస్తున్నాడని అతణ్ని అరెస్టు చేశారు. 2019లో ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య మృగం ముద్రేనని చెప్పి మళ్లీ కేసులో ఇరుక్కున్నాడు. ఆ ఏడాదే మాలిండిలోని చర్చి మూసేసి, లోకాంతం దగ్గరపడిందని చెబుతూ నమ్మినవాళ్లను షకహోలా అడవికి తీసుకుపోయాడు. సుమారు 800 ఎకరాల నేల అది. అక్కడి స్థలాలకు బేత్లెహేము, నజరేతు, యూదయ అని పేర్లు పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఉపవాసం మొదలైంది. అన్నం మానితే యేసును త్వరగా కలుసుకుంటారన్నది బోధ. మొదట పిల్లలు, తర్వాత పెళ్లికానివాళ్లు, ఆ తర్వాత తల్లులు, తండ్రులు, చిట్టచివర నాయకులు చనిపోవాలన్నది ఏర్పాటని బయటపడ్డవాళ్లు చెప్పారు. ఈ వరుసను ఒకసారి గమనించండి. నాయకుడి వంతు అందరికన్నా ఆఖరున. 2023 మార్చిలో ఇద్దరు పిల్లల మరణం విషయంలో అతణ్ని పట్టుకుని బెయిలు మీద వదిలేశారు. ఏప్రిల్‌లో పోలీసులు అడవిలోకి వెళ్లి తవ్వడం మొదలుపెట్టాక 400కు పైగా శవాలు బయటికి వచ్చాయి. వాటిలో పిల్లలవి చాలా ఉన్నాయి. ఎక్కువమంది ఆకలితో చనిపోయారని, కొందరి మీద ఊపిరాడకుండా చేసిన గుర్తులు, కొట్టిన దెబ్బలు ఉన్నాయని శవపరీక్షల్లో తేలింది. అంటే మనసు మార్చుకున్నవాళ్లకు కూడా బయటికి దారి లేకపోయిందన్నమాట. 2024లో మొంబాసాలో విచారణ మొదలైంది. తాను నిర్దోషినని మెకంజీ కోర్టులో చెప్పాడు. 2025లో అదే ప్రాంతంలో, బిన్జారో అనే చోట, మళ్లీ కొత్త సమాధులు కనబడ్డాయి.

కెన్యా క్రైస్తవం బాగా వేళ్లూనుకున్న దేశం. ఆదివారం వీధివీధినా ఆరాధన జరుగుతుంది. అక్కడి విశ్వాసులకు బైబిలు తెలియదని మనం అనలేం. మరి ఎలా జరిగింది?

ఒక్కరోజులో అయితే జరగలేదు. బడి లోకసంబంధమైనదన్నాడు, పిల్లలు బడి మానారు. ఆసుపత్రి అవిశ్వాసమన్నాడు, మందులు మానారు. మిగతా సంఘాలన్నీ చల్లారిపోయాయన్నాడు, అక్కడి స్నేహాలు తెగాయి. బంధువులు వద్దన్నారు, వాళ్లను శోధకులన్నాడు. ఇల్లూ పొలమూ అమ్ముకుని అడవికి వచ్చేసరికి ఆ మనుషులకు ఇక అడగడానికి వేరే ఎవరూ మిగల్లేదు. అన్నం మానమని చెప్పినప్పుడు, "ఇదేమిటయ్యా" అనే మేనమామ గానీ, పక్కింటి ముసలమ్మ గానీ, పాత సంఘంలోని పెద్ద గానీ దగ్గర్లో లేరు. ప్రతి మెట్టు దగ్గరా అతను ఒక వాక్యం చూపించాడు.

అందుకే ఆ సహోదరికి మేము చెప్పదలచిన మాట ఇది. బోధకుడు ఏ వాక్యం చెబుతున్నాడని మాత్రమే చూస్తే చాలదు. ఆ వాక్యంతో మిమ్మల్ని ఎవరి నుంచి, దేని నుంచి వేరు చేస్తున్నాడో చూడండి. పాపం నుంచి వేరు చేసేవాడు కాపరి. ప్రశ్న అడిగేవాళ్ల నుంచి వేరు చేసేవాడి దగ్గర జాగ్రత్తపడాలి.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. యోహాను మూడవ పత్రికలో దియొత్రెఫే అనే మనిషి ఉన్నాడు. అతని సిద్ధాంతంలో తప్పేమిటో యోహాను ఒక్క ముక్క కూడా రాయలేదు. అతనికి మొదటి స్థానం కావాలి, బయటినుంచి వచ్చే సహోదరులను రానివ్వడు, రానిచ్చేవాళ్లను సంఘంలోనుంచి వెళ్లగొడతాడు. అంతే రాశాడు, అది సరిపోతుందనుకున్నాడు. బెరయవాళ్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. పౌలంతటివాడు వచ్చి చెప్పినా, ఆ మాటలు నిజమో కాదో రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారు (అపొ. కార్య. 17:11). పౌలు నొచ్చుకున్నట్టు ఎక్కడా లేదు. లూకా వాళ్లను మెచ్చుకుంటూ రాశాడు. ప్రవక్తలు మాట్లాడితే మిగతావాళ్లు ఆ మాటను తూచి చూడాలని కొరింథు సంఘానికి పౌలే రాశాడు (1 కొరింథీ. 14:29). మన సభల్లో ప్రవచనం వచ్చాక తూచి చూడడానికి ఎన్ని నిమిషాలు కేటాయిస్తున్నారో పాఠకులే చెప్పాలి.

"మరి స్వస్థతలు జరుగుతున్నాయి కదా, దేవుడు లేకుండానే జరుగుతాయా?" అని మీలో కొందరు అడుగుతారు. దేవుడు స్వస్థపరుస్తాడని మేమూ నమ్ముతాం. అయితే ఫలాలను బట్టి తెలుసుకోమని ప్రభువు చెప్పిన మత్తయి 7వ అధ్యాయాన్ని ఇంకాస్త కిందికి చదవండి. ఆయన పేరున ప్రవచించినవాళ్లు, దయ్యాలను వెళ్లగొట్టినవాళ్లు ఆ దినాన ఆయన ముందు నిలబడతారు. తాను వాళ్లను ఎరగనంటాడాయన. అద్భుతాన్నే ఫలమని లెక్కించకూడదని ఆ అధ్యాయమే చెబుతోంది. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. ప్రవక్త చెప్పిన సూచన నిజంగానే జరిగినా సరే, అతను మిమ్మల్ని దేవుని నుంచి పక్కకు లాగుతుంటే వినవద్దు.

మందుల సంగతి మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ప్రాణాల మీదికి వస్తున్నది ఇక్కడే. అభిషేక తైలం, ప్రార్థించిన చేతిరుమాలు అమ్మేవాళ్లంతా అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చూపిస్తారు. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన గుడ్డలతో రోగులు బాగుపడ్డారు, నిజమే. ఆ గుడ్డల్ని ఎవరూ అమ్మలేదు, అది వేరే విషయం. అదే పౌలు తన సహచరుడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో వదిలి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లాడు. తిమోతికి కడుపు బాగుండకపోతే కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడే తప్ప, నీకు విశ్వాసం చాల్లేదని రాయలేదు. హిజ్కియాకు దేవుడు ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాక కూడా యెషయా పుండు మీద అంజూరపు ముద్ద కట్టించాడు. ఇక పౌలుతో ఊరూరా తిరిగిన లూకా వైద్యుడు.

మన సంఘాల చరిత్ర కూడా అదే చెబుతుంది. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ముందు ఇళ్లకు తిరిగి స్త్రీలకు వైద్యం చేసింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. ఇందూరు దగ్గర డిచ్‌పల్లిలో ఎవరూ ముట్టని కుష్ఠురోగులకు మందు వేసి కట్టుకట్టింది మిషనరీలే. మనలో ఎందరి అవ్వలు, అమ్మలు మిషన్ ఆసుపత్రుల్లో పురుడు పోసుకున్నారో లెక్కలేదు. ఆ తల్లులు ప్రార్థన చేసి మందిచ్చారు. ఇప్పుడొకాయన ప్రార్థన చేసి మందు పారేయమంటున్నాడు. ఇద్దరూ ఒకే సువార్త చెబుతున్నారని మేము అనుకోలేం.

అన్నిసార్లూ అపాయం మందుల రూపంలోనే రాదు. పంజాబ్‌లో స్వస్థత సభలతో పెద్ద పేరు తెచ్చుకున్న బజీందర్ సింగ్‌కు అత్యాచారం కేసులో 2025 ఏప్రిల్ 1న మొహాలీ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆ కేసు 2018 నాటిది. తీర్పు రావడానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ సభలు నడుస్తూనే ఉన్నాయి, జనం వస్తూనే ఉన్నారు. న్యాయస్థానాలు ఆలస్యం చేస్తాయని మనం ఫిర్యాదు చేస్తాం. సంఘం ఆ పాటి విచారణ కూడా చెయ్యదు.

ఎందుకు చెయ్యదు? మన దగ్గర ఒక మాట ఉంది: అభిషిక్తుని ముట్టకూడదు. ఈ మాట చెప్పి ఎన్ని నోళ్లు మూయించారో! అది 105వ కీర్తనలోది. పరదేశులుగా తిరుగుతున్న పితరులకు హాని చెయ్యవద్దని రాజులకు దేవుడిచ్చిన హెచ్చరిక అది. బలహీనుల్ని కాపాడడానికి చెప్పిన మాటను బలవంతులు గొడుగులా పట్టుకుంటున్నారు. సౌలు మీద చెయ్యి వెయ్యనన్న దావీదు, గుహలోంచి బయటికి వచ్చి అందరూ వినేలా సౌలును నిలదీశాడు. చంపడానికే నిరాకరించాడు, అడగడానికి కాదు. అభిషిక్తుడైన దావీదునే నాతాను ముఖం మీద అడిగాడు. అంతియొకయలో పేతురును పౌలు అందరి ఎదుటా తప్పుపట్టాడు.

డబ్బు విషయం పెద్దగా పొడిగించనక్కర్లేదు. యెరూషలేము పేదలకు చందా తీసుకెళ్తూ పౌలు తనొక్కడే మొయ్యలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీ. 8:18-21). చర్చి స్థలం ఎవరి పేరున ఉంది, ఫోన్‌పేలో వేసే దశమభాగం ఎవరి ఖాతాలోకి పోతోంది, ఏడాదికోసారైనా లెక్క చదువుతున్నారా అని అడగడం అవిశ్వాసం కాదు. మంచి కాపరికి ఆ ప్రశ్న ఊరట కూడా.

ఇక్కడ మాపైన మాకే ఉన్న ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. చిలకరింపా ముంచడమా, ముసుగు వేసుకోవాలా వద్దా, శనివారమా ఆదివారమా అని దశాబ్దాలుగా మన శాఖలు ఒకరినొకరు దుర్బోధకులని తిట్టుకున్నాయి. పులి వచ్చిందని ఊరికే కేకలు వేసి వేసి, నిజంగా వచ్చిననాడు ఎవరూ తల తిప్పని స్థితి తెచ్చుకున్నాం. మేము కూడా స్వస్థత సభల ప్రకటనలు వచ్చినవి వచ్చినట్టు అచ్చువేసిన రోజులున్నాయి. పిలిచేవారెవరు, వారి వెనుక ఏ సంఘం ఉంది, లెక్కలెవరు చూస్తారు అని అడగలేదు. ఇకమీదట అడిగిన తర్వాతే వేస్తాం.

ఇవి బయటపెడితే మనల్ని ద్వేషించేవారికి ఆయుధం ఇచ్చినట్టవుతుందని కొందరు పెద్దలు బాధపడతారు. ఆ భయం మాకు అర్థమవుతుంది. ఈ రోజుల్లో చిన్న ఊళ్లో ఆదివారం ఆరాధన నడుపుకోవడమే కొందరు పాస్టర్లకు కష్టంగా ఉంది. జీతం లేకుండా, సైకిలు మీద నాలుగు ఊళ్లు తిరిగి, జ్వరంతో ఉన్నవాళ్లను తామే ఆసుపత్రికి తీసుకెళ్లే కాపరులు మనలో ఎందరో ఉన్నారు. వేదిక మీద వెలిగే ఒక్క మనిషి తప్పుకు ముందుగా నింద మోసేది వాళ్లే. మన ఇంటి విషయం మనమే మాట్లాడితే వాళ్లకు కొంత రక్షణ ఉంటుంది. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు రాసినదాన్ని మనం ప్రసంగాల్లో తరచుగానే వాడతాం.

ఆ సహోదరికి మేము వెంటనే రాసిన జవాబు చిన్నది. బోధకుడి సంగతి తర్వాత. ముందు అమ్మను రేపే ఆసుపత్రికి తీసుకెళ్లండి, షుగరు ఉన్నవాళ్లకు కాలి పుండు ఆగదు. ఆమెతో వాదించకండి. ప్రార్థన చేసే వెళ్దామనండి, దారిలో కూడా ప్రార్థన చెయ్యండి. మీ పాత సంఘం కాపరినీ, అమ్మ మాట కాదనలేని పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లనూ ఇంటికి పిలవండి. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి ఆ బోధకుడి దగ్గరికి వెళ్లి, మాత్రలు మానమని మీరు అన్నారా అని మర్యాదగా అడగండి. ఆయన ఏమంటాడో వినండి, మీతో ఎలా ప్రవర్తిస్తాడో చూడండి. ఆ రెండూ మాకు రాయండి.

వారం తర్వాత ఆమె ఫోన్ చేసింది. తల్లిని ఆసుపత్రిలో చేర్చుకున్నారు, వేలు ఒకటి తీసేయాల్సి వచ్చింది, కాలు దక్కింది. బోధకుడి దగ్గరికి వెళ్లడానికి ఇంకా తోడు దొరకలేదట.