తాళంచెవి మా జేబులోనే ఉంది

రెండు రోజుల సదస్సు నుంచి ఇంటికొచ్చి కిట్ బ్యాగు విప్పాను. ప్యాడు, పెన్ను, హాజరు సర్టిఫికెట్, ఒక పిల్లల కథల పుస్తకం. ప్యాడులో మొదటి పేజీ మీద తేదీ రాసి ఉంది. ఆ తర్వాత అంతా తెలుపే. రెండు రోజులు, పన్నెండు ఉపన్యాసాలు, ఒక్క ముక్క రాసుకోలేదు. పక్కన కూర్చున్నవాళ్ళ ప్యాడులు కూడా అలాగే ఉన్నాయని నాకు తెలుసు. కునికిపాట్ల మధ్య అందరివీ తొంగి చూశాను.

మేం బడి లైబ్రేరియన్లం. కొందరికి ఆ పోస్టే ఉంది. ఎక్కువమంది తెలుగో సోషలో చెబుతూ, లైబ్రరీ ఇన్‌ఛార్జి కూడా మీరేనంటే తలూపినవాళ్ళు. సభ బెజవాడలో. అక్కడ సభ పెడితే ప్రారంభోపన్యాసం ఎక్కడ మొదలవుతుందో చెప్పక్కర్లేదు. 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్ళో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన జరిగిన గ్రంథాలయ మహాసభ, దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య గారి పట్టుదల, 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన వైనం. పడవ మాట రాగానే చప్పట్లు మోగించాం. ఆ పుస్తకాలు నీళ్ళ మీద ఊరూరా తిరిగాయి. మా పుస్తకాలు తరగతి గదికి పాతిక అడుగుల దూరంలో, అద్దాల బీరువాలో, తాళం వెనక ఉన్నాయి. చప్పట్లు కొట్టిన చేతులకే ఆ తాళంచెవి తెలుసు.

పదకొండింటికి రచయిత్రితో ముఖాముఖి. ప్రారంభసభ సాగీ సాగీ ఆమెకిచ్చిన గంటలో ఇరవై నిమిషాలు మిగిల్చింది. ఆమెను పరిచయం చేసింది నేనే. ఆమె పుస్తకం ఒక్కటీ చదవలేదు. పొద్దున టిఫిను దగ్గర ఫోన్లో దొరికింది చూసి నాలుగు వాక్యాలు అల్లుకున్నాను. ఇంకొకరి పుస్తకం ఆమె ఖాతాలో వేశాను. ఆమె నవ్వి, అది తనది కాదని మెల్లగా చెప్పారు. హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడాలంటే ఆ పుస్తకమో, ఆమె రాసిన ఒక్క పుస్తకమో చదివి ఉండాలి కదా.

ఆమె అడిగింది ఒక్కటే. పోయిన నెలలో మీ బడిలో పిల్లలు పోటీపడి పట్టుకెళ్ళిన పుస్తకమేది? వెనక వరసలోంచి ఒకాయన తెనాలి రామకృష్ణుడి కథలన్నాడు. అది ఆయన చిన్నప్పటి జవాబు. ఇష్యూ రిజిస్టరు చూసి చెప్పాల్సిన ప్రశ్నకు జ్ఞాపకంలోంచి చెప్పాం, ఎందుకంటే రిజిస్టర్లో చెప్పడానికేమీ లేదు. ఇంతలో టైమైపోయిందన్నారు. శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. ఫొటోకి మాత్రం రెండు వందల మందిమీ లేచి వచ్చాం.

రాత్రి సాంస్కృతిక కార్యక్రమం, అంత్యాక్షరి, భోజనాలు. అసలు సదస్సు అక్కడ జరిగింది. చేతిలో ప్లేటు పట్టుకుని ఒకాయన చెప్పాడు: "పదకొండు పుస్తకాలు తగ్గాయని నాకు ముందున్నాయనకి నో డ్యూస్ ఆపేశారు సార్. ఆ రోజు నుంచి నేను బీరువా తియ్యను." ఇంకొకామె జీతంలో కోత పడ్డ కథ చెప్పింది. స్టాక్ వెరిఫికేషన్‌కి ముందు సొంత డబ్బుతో పుస్తకాలు కొని పెట్టినవాళ్ళూ ఉన్నారు. పెరుగన్నం దాకా అందరం నిజమే మాట్లాడుకున్నాం. చెయ్యి కడుక్కున్నాం, నిజాన్నీ అక్కడే వదిలేశాం.

మర్నాడు తీర్మానాల కమిటీలో నేనూ ఉన్నాను. పోస్టులు భర్తీ చేయాలి, నిధులు పెంచాలి, డిజిటల్ లైబ్రరీలు కావాలి. అన్నీ న్యాయమైనవే. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే అంటోంది. కానీ మా తీర్మానాల్లో తాళం గురించి ఒక్క వాక్యం లేదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనల్లో ఒక మాట ఉంది: ఏడాదిలో పాఠకులకిచ్చిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేనని. పుస్తకం చేతులు మారితే కొన్ని పోతాయని ఆ నిబంధనలే ఒప్పుకున్నాయి. అలాంటి మాట మా బళ్ళకూ స్పష్టంగా రాసివ్వమని అడగొచ్చు. అడగలేదు. అడిగితే, "మరి ఎన్ని ఇచ్చారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నంటే మాకు రికవరీ కంటే భయం. పుస్తకాలు పోతాయన్న భయం ఇన్నాళ్ళూ మా బద్ధకానికి మంచి గొడుగు పట్టింది.

వేదిక వెనక ఫ్లెక్సీలో రంగనాథన్ గారు రెండు రోజులూ మమ్మల్నే చూస్తూ ఉన్నారు. పుస్తకం ఉన్నది వాడుకోవడానికేనన్న తన తొలి గ్రంథాలయ సూత్రం వివరిస్తూ, ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో కట్టేసేవాళ్ళని ఆయన 1931లోనే రాశారు. వాళ్ళయితే గొలుసు వేసినా పుస్తకాన్ని అక్కడే కూర్చుని చదవనిచ్చారు.

కిట్ బ్యాగులోని కథల పుస్తకం ఆ రచయిత్రి ఇచ్చిందే. తప్పుగా పరిచయం చేసినవాడినని కూడా చూడకుండా, మీ బడి పిల్లలకని సంతకం చేసి ఇచ్చారు. మర్నాడే స్టాంపు వేశాను, అక్సెషన్ నంబరు వేశాను, బీరువాలో పెట్టాను. నాలుగు నెలలైంది. మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతె అద్దంలోంచి ఆ అట్ట చూసి, "అది ఇస్తారా సార్?" అంది.

"ఇంకా స్టాంపు వెయ్యలేదమ్మా" అన్నాను.