ముల్లు ఎక్కడ లేస్తోంది?

పదేళ్లు దాటిన స్కార్పియోనో, సఫారీనో హైటెక్ సిటీలో నడుపుతున్నారా? మైలేజీ సంగతి తర్వాత, ముందు టెంపరేచర్ ముల్లు మీద కన్నేయమంటాను నేను.

సైబర్ టవర్స్ దగ్గర జామ్‌లో లేచి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే దిగిపోతోందంటే అనుమానం ఫ్యాన్ మీదే. బండి పరుగెడితే రేడియేటర్‌కి గాలి దానంతటదే తగులుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు. ఔటర్ మీద స్పీడులోనూ లేస్తోందా? కూలెంట్ తగ్గిందేమో, రేడియేటర్ పూడుకుందేమో, థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదేమో చూపించండి.

జామ్‌లో లేస్తే వెంటనే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. మే నెలలో చెమటలు కక్కాల్సిందే, కానీ ఇంజిన్ వేడి కొంత తగ్గుతుంది. అయినా ముల్లు దిగకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆఫ్ చేయండి. రేడియేటర్ మూత మాత్రం అప్పుడే తిప్పొద్దు, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. బాగా చల్లారనివ్వండి. ‘ఆఫీసు రెండు కిలోమీటర్లే కదా’ అని లాగిస్తే హెడ్ గాస్కెట్ పోవచ్చు. ఇక ఇంజిన్ విప్పాల్సిందే.

అప్పుడప్పుడూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఏ గీత దగ్గరుందో చూడండి. మాటిమాటికీ తగ్గుతోందంటే ఎక్కడో పోతున్నట్టే. నీళ్లు పోసి సరిపెట్టకండి.

మెకానిక్‌కి ‘వేడెక్కుతోంది’ అని ఊరుకోకుండా ఎక్కడ, ఏ స్పీడులో అన్నది చెప్పండి. అక్కర్లేని పార్టుల ఖర్చు తప్పుతుంది.