'అట' అనే మాట ఎక్కడికి పోయినది?

తెలుగులో 'అట' అనే చిన్న మాట ఒకటి ఉన్నది. "పెనుకొండలో వాన కురిసిందట" అన్నవాడు ఆ వానలో తడవలేదు. తడిసినవాడు చెప్పగా విన్నాడు. ఉర్దూ మాట్లాడే మన మిత్రులు "సునా హై" అని ఆరంభించి ఇదే జాగ్రత్తను పాటిస్తారు. చూచినదానికీ విన్నదానికీ నడుమ ఉన్న హద్దును అక్షరం ముక్క రాని వృద్ధురాలు సైతం ఒక్క మాటతో చూపగల భాషలు మనవి. నేటి పత్రికారచనను పీడిస్తున్న చిక్కులలో అధికభాగం ఆ హద్దు చెరిగిపోవుట వలన కలిగినదే అని మా అభిప్రాయము.

మన లేపాక్షినే చూడండి. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మింపజేసిన వీరభద్రాలయంలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటి ఉన్నది. యాత్రికులు దాని క్రిందుగా గుడ్డ లాగి చూచి ఆనందిస్తారు. బొక్కసపు ధనం ఖర్చు చేసినందుకు శిక్ష తప్పదని తెలిసి విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసిరినాడట. ఆ ఎర్రని మరకలు అవేనట. ఈ కథ చెప్పే పెద్దలు 'అట'ను వదలరు. అదే ఆవరణలో శాసనాలూ ఉన్నవి. శాసనంలో 'అట'కు చోటు లేదు. ఎవరు, ఏ శకవర్షమున, ఏమి దానమిచ్చినారో చెక్కియుండును. కథ కథగా, శాసనం శాసనంగా ఇరుగుపొరుగున ఇన్ని వందల ఏండ్లు ఒకదానికొకటి అడ్డురాక నిలిచినవి. సెల్ ఫోనులోనికి ఎక్కిన పిమ్మట ఆ స్తంభమే "శాస్త్రజ్ఞులకు అంతుచిక్కని గాలిస్తంభం" అయి కూర్చున్నది. దారిలో ఎక్కడో 'అట' జారిపోయినది.

రాతిస్తంభం విషయంలో నష్టం స్వల్పము. మనుషుల విషయంలో అట్లు కాదు. 2018 జూలైలో హైదరాబాదు నుండి బీదరు జిల్లాకు వెళ్ళిన మిత్రబృందం దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచగా, పిల్లలనెత్తుకుపోయేవారన్న అనుమానం పుట్టినది. వారి కారు కన్న ముందే వాట్సాప్ సందేశం ముర్కి గ్రామానికి చేరినది. గుంపు చేతిలో ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయినది. "పిల్లల దొంగలట" అని వ్రాసియుంటే ఒక్కడైనా ఆగి "ఎవరు చూచినారు?" అని అడిగెడివాడేమో! ఆ సంవత్సరమే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఇటువంటి పుకార్లను ఎదుర్కొనుటకు పోలీసులను పల్లెలకు పంపి, డప్పులతో, జానపద గీతాలతో ప్రచారం చేయించినారు. వాట్సాప్ సంస్థ ఆ జూలైలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారిగా 5 చోట్లకు మించి పంపకుండ కట్టడి ప్రకటించినది. సంస్థ చేసినది లెక్క తగ్గించుట. గద్వాలలో జరిగినది ఎదుట నిలిచి మాటాడే మనిషిని చూపుట. రెండవదే మేలైన మందని మా విశ్వాసము.

అంతవరకు అబద్ధానికైనా ఒక మూలం ఉండెడిది: ఏదో పాత ఫోటో, ఎవరిదో ఒక నోరు. జనరేటివ్ ఏఐ అనబడే కృత్రిమ మేధ ఆ అవసరాన్ని కూడ తొలగించినది. అది లెక్కకు మిక్కిలి వాక్యాలను జీర్ణించుకొని, ఏ మాట వెనుక ఏ మాట రాదగునో గణించి వ్రాస్తుంది. హిందూపురం మార్కెట్టును గురించి అడిగితే సొంపైన పేరా ఒకటి అందిస్తుంది; కాని అది మార్కెట్టుకు పోలేదు, అమ్మేవానిని పలుకరించలేదు. చూచితిననుటకు దానికి కన్ను లేదు. 'అట' అనుటకు చెవి లేదు. 2023లో బిగ్ టీవీ వారు యంత్రసృష్టియైన వార్తాపాఠకురాలిని ప్రవేశపెట్టి 'మాయ' అని నామకరణం చేసినారు. ఆ నిజాయితీని మెచ్చుకొనవలసినదే! అదే ఏడు నవంబరులో రష్మికా మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ వీడియోకు అతికించి దేశమంతటా త్రిప్పినారు. యంత్రాన్ని బహిష్కరించమని మేము చెప్పుట లేదు. అనువాదానికీ, పాత సంచికల వెదకులాటకూ అది పనికివచ్చును.

అన్నిటికన్న ఆలోచింపదగినది 2025లో హైదరాబాదులో జరిగిన కంచ గచ్చిబౌలి ఉదంతము. కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొనియున్న 400 ఎకరాల భూమిలో మార్చి చివర బుల్డోజర్లు చెట్లను కూల్చినవి. విద్యార్థులు ఎదురు నిలిచినారు. ఇది జరిగిన సంగతి. ఇంతలో యంత్రం గీసిన జింకలు, నెమళ్ళు, యంత్రాల ముందు బెదరి పరుగెత్తు మృగాలు సామాజిక మాధ్యమాలను ముంచెత్తినవి. ప్రభుత్వం కేసులు పెట్టినది. అటువంటి చిత్రాన్ని పంచుకొన్న ఒక ఐ.ఏ.ఎస్. అధికారిణికి సైతం పోలీసు నోటీసు అందినది. చర్చ చెట్ల నుండి బొమ్మలకు మళ్ళినది. దొంగ బొమ్మ వేసినవారు అడవికి మేలు చేయదలచియుండవచ్చును. కాని దాని వలన నిజమైన ఫోటోను కూడ "ఇదీ యంత్రానిదే" అని త్రోసివేసే వీలు అందరికీ కలిగినది. మరి సుప్రీంకోర్టు ఏమి చేసినది? ఏప్రిల్ 3న హైకోర్టు జుడీషియల్ రిజిస్ట్రారును ఆ పొద్దే స్వయముగా అచ్చటికి పోయి చూచి నివేదించమన్నది. ఆయన పోయినారు, చూచినారు, వ్రాసినారు. సుమారు 100 ఎకరాలలో విధ్వంసం జరిగినదనీ, నెమళ్ళూ జింకలూ అక్కడ కానవచ్చినవనీ నివేదిక చెప్పినది. కోర్టు ఆ పనిని నిలిపివేసినది. నిజమైన జింకలుండగా దొంగ జింకలెందుకు గీసినట్లు?

వెళ్ళి చూచుట, పేరు పెట్టి వ్రాయుట: పత్రికారచనలో మాకు తెలిసిన మూలధనమిదే. 1926లో అనంతపురంలో 'శ్రీ సాధన పత్రిక'ను ఆరంభించిన పప్పూరు రామాచార్యులు గాని, రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురియైన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ గాని తమ మాటకు తామే పూచీపడినారు. యంత్రాన్ని ఎవరు హత్య చేయగలరు? ఎవరు కోర్టుకు ఈడ్వగలరు? అయితే నేటి పత్రికల యాజమాన్యాలు నిర్దోషులు కావు. మండలాలలో ఎండలో తిరిగే విలేఖరికి నికరమైన జీతం లేదు; ప్రకటనలు తెచ్చిపెట్టమని మాత్రం ఒత్తిడి ఉన్నది. చూచివచ్చేవానికి కూలి దక్కనిచోట, చూడకనే వ్రాసే యంత్రం చౌకగా తోచుటలో వింత లేదు.

యంత్రసృష్టికి గుర్తు వేయవలెనని కేంద్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో నిబంధనలు ప్రతిపాదించినది. గుర్తు మంచిదే, కాని గుర్తు లేనిదెల్ల నిజమన్న భ్రమ పుట్టకుండ చూడవలెను. చట్టం సంగతి ఢిల్లీ వారు చూచుకొందురు. మన చేతిలో కళాశాల గోడపత్రిక ఉన్నది. అందులో అంటించే ప్రతి వార్త క్రిందను దానిని స్వయముగా చూచిన విద్యార్థి సంతకం ఉండవలెనని సంపాదకవర్గానికి మా మనవి. చూచినవారు దొరకనినాడు తెలుగు పుటలో వాక్యం చివర 'అట' అనీ, ఉర్దూ పుటలో వాక్యం మొదట 'సునా హై' అనీ వ్రాయవలెను. ధర్మవరం, హిందూపురం నుండి రైలులో, బస్సులో వచ్చే విద్యార్థులు ఆయా ఊళ్ళ వార్తలకు సాక్షులుగా ఉండుటకు ముందుకు రావలసియున్నది.