బొగ్గు పెరిగింది, కొలువు ఏది?

1990-91లో సింగరేణి కార్మికులు లక్షకు పైనే. తవ్విన బొగ్గు 2 కోట్ల టన్నుల లోపే. 2023-24లో బొగ్గు 7 కోట్ల టన్నులు. పర్మినెంటు కార్మికులు దాదాపు 40 వేలు. మిగతా కొలువులను ఎవరు మింగిండ్రు?

బాయిలు మూసి ఓపెన్‌కాస్టులు తెరిచిండ్రు. మట్టి తీసే పని కాంట్రాక్టర్ల పాలైంది. భూమి పోయినోడు అదే మట్టిగుట్ట కింద కాంట్రాక్టు కూలీ! 2011 సకల జనుల సమ్మెలో బాయి దిగకుండా నిలబడ్డది ఇందుకేనా?

2014లో రాష్ట్రమొచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులకు 95 శాతమన్నది, సర్కారు పోస్టులకు. కాంట్రాక్టరు మస్టరుకు ఏ శాతం? ఉపాధి ఏదంటే మాదాపూర్ అద్దాల మేడలు చూపుతరు. గోదావరిఖని ఐటీఐ ఫిట్టరుకు అక్కడేం పని? (గల్ఫ్ ఏజెంటుకు మాత్రం వాడు బాగా పనికొస్తడు.)

ఏడాది పొడుగునా నడిచే పనికి కాంట్రాక్టెందుకు? ఆ పని చేసేటోళ్లను పర్మినెంటు చెయ్యాలె. మేం అడుగుతున్నది అదే.