పాత కారుకు దాహమెక్కువ

కారు పందేలు చూడడానికి పాత కార్లమీదనే వెళ్ళే రసికులు లోకంలో ఉన్నారు. ఫ్రాన్సులోని ల మాన్‌లో 1923లో మొదలైన ఇరవైనాలుగు గంటల పందేనికి ఇంగ్లాండునుంచి సముద్రం దాటి మరీ తాతలనాటి బండ్లు తోలుకుపోతారు. మనవాళ్ళకు ఒకసారి అంత శ్రమ లేకపోయింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో, హుసేన్‌సాగర్ ఒడ్డునే, ఫార్ములా ఈ పందెం జరిగింది. అన్నీ పెట్రోలు చుక్క తాగని విద్యుత్తు కార్లే! ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

అలాంటి వేడుకకు రాప్తాడునుంచి పాత అంబాసిడరులో బయలుదేరారనుకోండి. బెంగుళూరు–హైదరాబాదు రహదారి ఊరి చెంతనే ఉంది. దారికి లోటు లేదు, లోటల్లా నీళ్ళకే. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీటిని రేడియేటరు చల్లారుస్తుంది. అది కారినా, ఫాను బెల్టు వదులైనా నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. బండి ఆపి, వేడి తగ్గేదాకా మూత ముట్టకుండా కూర్చుని, ఆనక చెంబు పుచ్చుకుని ఎవరి గుమ్మమో ఎక్కాలి.

ఏడాదికి సగటున 55 సెంటీమీటర్లకు అటూఇటూగా వాన కురిసే సీమ ఇది. ఆ ఇంటి ఇల్లాలు ఆ బిందె నీళ్ళకు ఎంతసేపు కాచుకున్నదో మనకేం తెలుసు? అడిగితే లేదనే ఇల్లు ఇక్కడ అరుదు. అడగకూడదనడం అందుకే.

2024లో హైదరాబాదులో జరగవలసిన పందెం రద్దయింది. పందేలు వస్తాయి, పోతాయి. దారిపక్క ఊళ్ళు ఉంటాయి. పాత కారు సరదా తప్పుకాదు. దాని దాహానికి మాత్రం మన ఇంటినుంచే రెండు డబ్బాల నీళ్ళు మోసుకుపోవాలి. తిరిగివచ్చేటప్పుడు మిగిలితే ఏ వేపమొక్క మొదట్లోనో పోయండి.