కుంగిన ఇల్లు — ఉక్కు జాకీలు

ఇల్లు కుంగుచున్న సంగతి తొలుత కనిపెట్టునది ఆ యింటి యిల్లాలే. దినమునకు పదిమార్లు వంటయింటి తలుపు వేయునది ఆమెయే గదా! గడియ పడకున్నను, నేలపై జారిన నిమ్మపండు ఎప్పుడును ఒకే మూలకు దొర్లినను ఆమెకు తెలియును. అయినను ఆమె మాట చెవినిబెట్టువారు తక్కువ.

హైదరాబాదున తార్నాకలోని మా మిత్రురాలి అనుభవ మిట్టిదే. తలుపు పట్టుచున్నదని ఆమె రెండు వానకాలములు చెప్పెను. ఇంటివారు వడ్రంగిని పిలిచి తలుపు చిత్రిక పట్టించిరి. మూడవయేట కిటికీ మూలనుండి గోడ ఏటవాలుగా బీటవాఱెను. అప్పుడొక గుత్తేదారు వచ్చి, ఇల్లంతయు జాకీలపై లేపవలయునని లెక్కగట్టెను. కూతురి చదువునకు దాచిన సొమ్మంతయు నిచ్చినను అది చాలదు.

ఈ జాకీ యనగా లావైన ఉక్కు మర. త్రిప్పినకొలది పైకి లేచును, కావలసినచో దించవచ్చును. పనివారు గోడక్రింద కొంచెము కొంచెముగా త్రవ్వి, వరుసగా జాకీలు నిలిపి, గోడ బరువును వానిపై మోపుదురు. పిమ్మట అన్నింటిని వెండ్రుకవాసి వంతున సమముగా త్రిప్పుదురు. ఒకటి ముందుగా లేచి మఱియొకటి వెనుకబడినచో గోడ చీలును. ఎత్తు సరిపడిన తరువాత ఇటుకకట్టుబడియో కాంక్రీటో నింపి, జాకీలను ఒక్కొక్కటిగా తీసివేయుదురు.

కాని జాకీ గోడను లేపునుగాని నేల స్వభావమును మార్చదు. ఆమె కూతురు ఉస్మానియా విశ్వవిద్యాలయమున, 1929 లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్నది. ఆ ప్రాంగణమున పలుచోట్ల బండలు పైకే కనబడును. కాని నగరమున నేల అన్నిచోట్ల నొక్కరీతిగా నుండదు. నల్లరేగడి వానకు పొంగి ఎండకు ముడుచుకొనును. అందుచే ఆ బాలిక పెరటిమన్ను ఎండించి, జల్లించి, 10 గ్రాముల వంతున రెండు కొలపాత్రలలో వేసి, ఒకదాన నీరును రెండవదాన కిరసనాయిలును పోసి 24 గంటలు నిలిపెను. పొంగెడు మన్ను నీటిలో పెరుగును, కిరసనాయిలులో పెరుగదు. ఇచ్చట రెండును సమముగానే యుండెను. దోషము మన్ను పొంగుటలో లేదన్నమాట!

అనుభవజ్ఞుడగు ఇంజనీరు వచ్చి చూడగా, ఆ మూలనే నీటి సంపు కారుచుండెను. క్రిందనున్న పూడికమన్ను నాని దిగుచుండెను. సంపు బాగుచేయించిరి. మిత్రురాలు బీటకు అడ్డముగా సన్నని గాజుపలక అతికించి తేదీ వ్రాసెను. గోడ కదలినచో పలక పగులును. ఒక వానకాలమును ఒక వేసవియు గడచినను పగులలేదు. అప్పుడు ఆ యొక్క మూలను మాత్రమే జాకీలతో సరిచేయించిరి. అమ్మాయి చదువు సొమ్ము చాలవరకు మిగిలెను.

కావున బీట కనబడిన దినమే తేదీ వ్రాసి యుంచుడు. సంపును, మురుగుకాలువను, గోడదగ్గఱి పెద్దచెట్టును పరీక్షింపజేయుడు. బీట వేగముగా వెడల్పగుచున్నచో పిల్లలతో బయటికి వచ్చి, ఇంజనీరును పిలిపింపుడు. గడియ పడుటలేదని ఇల్లాలు చెప్పినప్పుడు వడ్రంగికంటె ముందు పునాదిని చూడవలయునని ఇంటి పురుషులకు మా మనవి.